క్రిమినల్ కేసులో ‘నాకు లాయర్ వద్దు’ అని రాసిచ్చే ముందు

మీరు అడిగింది ఇదీ. పక్కింటివాళ్లతో ప్రహరీ గోడ దగ్గర గొడవైంది, వాళ్లు కేసు పెట్టారు, పోలీసులు బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త నేరాల చట్టం)లోని 115(2) కొట్టడం, 126(2) అడ్డగించడం, 351(2) బెదిరించడం సెక్షన్ల కింద ఛార్జిషీటు వేశారు, కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. మీరు తప్పేమీ చేయలేదు, జరిగింది జరిగినట్టు చెప్పడానికి లాయర్ ఎందుకని మీ ఉద్దేశం. ‘నాకు లాయర్ వద్దు’ అని జడ్జి గారికి రాసిస్తే సరిపోతుందా? లేదా మీ స్నేహితుడు చెప్పినట్టు నేరం ఒప్పుకుని ఫైన్ కట్టేస్తే ఒక్క రోజులో వదిలిపోతుందా?

మేజిస్ట్రేట్ కోర్టుల్లో ముద్దాయిల తరఫున చాలా ఏళ్లుగా వాదిస్తున్నాను కాబట్టి సూటిగా చెప్తాను. మీ కేసు మీరే నడుపుకోవచ్చు, ఆ హక్కు మీకుంది. నేరం ఒప్పుకునే మాట మాత్రం ఛార్జిషీటు ఒక లాయర్ చదివి చెప్పేదాకా ఎత్తకండి. ఇవి రెండు వేర్వేరు నిర్ణయాలు. లాయర్ లేకుండా వెళ్లినవాళ్లలో చాలామంది మొదటి వాయిదా నాడే టెన్షన్‌లో రెండోది కూడా చేసేస్తారు.

చట్టం సంగతి కొంచెం. అరెస్టయినవాడికి తనకు నచ్చిన లాయర్ని పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22(1)లోనే ఉంది. ముద్దాయికి అదే హక్కు, క్రిమినల్ కేసు ఎలా నడవాలో చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 340లో ఉంది, దానికి ముందున్న పాత సీఆర్‌పీసీలో ఇది 303. పెట్టుకోవడం హక్కు గానీ తప్పనిసరి కాదు. అయితే వద్దనడానికి కూడా ఒక పద్ధతి ఉంది. ముంబై దాడుల కేసులో కసబ్ అప్పీలు మీద 2012లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఈ విషయం వివరంగా చెప్పింది. అతను మొదట్లో ఇక్కడి లాయర్ వద్దని, పాకిస్థాన్ లాయరే కావాలని పట్టుబట్టాడు. ముద్దాయి అన్నీ తెలిసి, తన ఇష్టంతో, అనుమానానికి తావు లేని మాటల్లో ‘నాకు ఏ లాయరూ వద్దు, నా కేసు నేనే వాదించుకుంటాను’ అని కోర్టుకు చెప్తే తప్ప, విచారణ మొదలయ్యేటప్పటికి అతనికి లాయర్ని ఇవ్వడం కోర్టు బాధ్యత అని ఆ తీర్పు తేల్చింది. అలా ఇవ్వకుండా విచారణ నడిపితే ఆ విచారణే చెల్లదు. ముద్దాయిని మొదటిసారి హాజరుపరిచినప్పుడే అతనికి ఈ హక్కు ఉందని చెప్పాల్సింది మేజిస్ట్రేటేనని కూడా అందులో ఉంది.

అంతకు చాలా ముందే, 1986లో, సుక్ దాస్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. ముద్దాయి అడగలేదు కాబట్టి లాయర్ని ఇవ్వలేదు అంటే కుదరదు, ఉచితంగా లాయర్ దొరుకుతాడన్న సంగతే తెలియనివాడు ఎలా అడుగుతాడు? ఆ కారణం మీదే అక్కడ పడిన శిక్ష కొట్టేశారు. ఆ కేసు కూడా మీ కేసులాంటి బెదిరింపు ఆరోపణే, హత్యానేరం కాదు. అంటే చిన్న కేసు కదా, లాయర్ లేకపోతే ఏమైందని కోర్టులు అనుకోవడానికి వీల్లేదు.

కాబట్టి మీరు కాగితం రాసిచ్చినంత మాత్రాన జడ్జి గారు తలూపి పక్కన పెట్టేయరు. కొన్ని ప్రశ్నలు అడుగుతారు: ఏం చదువుకున్నారు, ఏ సెక్షన్లో తెలుసా, శిక్ష ఎంతో తెలుసా, డబ్బుల్లేక వద్దంటున్నారా, లీగల్ ఎయిడ్ ఇస్తామంటే తీసుకుంటారా. మీ జవాబులు రికార్డు చేస్తారు. చదువుకున్న వాణ్ణి కదా, ఇవన్నీ ఎందుకని విసుక్కోవద్దు. రేపు అప్పీలులో ‘నాకు ఎవరూ చెప్పలేదు’ అనే మాటకు చోటుండకూడదని వాళ్ల జాగ్రత్త అది. ఒకవేళ మీరు వద్దన్నది ఫలానా లాయర్ని మాత్రమే అయితే ఆ ముక్క స్పష్టంగా చెప్పండి. ‘ఈయన వద్దు, వేరేవాళ్లని పెట్టుకోవడానికి టైమ్ ఇవ్వండి’ అనడం వేరు, ‘ఏ లాయరూ వద్దు’ అనడం వేరు. కోపంలో మొదటిదానికి రెండోది రాసిచ్చేవాళ్లు ఉన్నారు.

ఇక లాయర్ లేకపోతే మీకు పోయేదేమిటి? చాలామందికి తట్టని సంగతి ముందు చెప్తాను. మీకు ఉద్యోగం ఉందన్నారు. కేసు ఒక్క వాయిదాతో అయిపోదు. సాక్షి రాలేదనో, ఏపీపీ (ప్రభుత్వం తరఫు లాయర్) సెలవనో, టైమ్ చాలలేదనో వాయిదాలు పడుతూనే ఉంటాయి. లాయర్ ఉంటే మీరు రాలేని రోజున ఆబ్సెంట్ పిటిషన్ వేస్తాడు, పాతవాళ్లు దాన్ని ఇప్పటికీ సీఆర్‌పీసీ నంబరుతో 317 పిటిషన్ అనే అంటారు. ఇప్పుడది బీఎన్ఎస్ఎస్ 355. ఆ సెక్షన్ చదివి చూడండి, ముద్దాయి తరఫున అడ్వకేట్ ఉంటేనే హాజరు మినహాయింపు అని రాసి ఉంటుంది. అంటే లాయర్ వద్దనుకున్నవాడు ప్రతి వాయిదాకీ పొద్దున్నే వెళ్లి, పేరు పిలిచేదాకా కోర్టు హాల్లో కూర్చోవాల్సిందే. జ్వరమొచ్చి ఒక్కసారి తప్పిపోతే ఎన్‌బీడబ్ల్యూ (నాన్ బెయిలబుల్ వారెంట్) రావచ్చు. దాన్ని రీకాల్ చేయించుకోవడానికి ఎలాగూ లాయర్ దగ్గరికే పరుగెత్తుతారు. ఫీజు మిగుల్చుకుందామనుకున్నవాళ్లు సెలవుల రూపంలో అంతకంటే ఎక్కువ పోగొట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను.

అసలు దెబ్బ మాత్రం క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే అవతలి సాక్షిని ప్రశ్నించేటప్పుడు తగులుతుంది. మీ మనసులో ఉన్న బొమ్మ నేను ఊహించగలను: సాక్షి బోనులో నిలబడతాడు, మీరు కళ్లలోకి చూసి గట్టిగా అడుగుతారు, వాడు తడబడతాడు. కోర్టులో అలా జరగదు. ‘మీరు అబద్ధం చెప్తున్నారు కదా?’ అని అడుగుతారు. ‘లేదండీ’ అంటాడు. డిపొజిషన్‌లో (కోర్టు రాసుకునే సాక్ష్యంలో) ‘నేను అబద్ధపు సాక్ష్యం చెప్తున్నాననడం నిజం కాదు’ అని ఒక వాక్యం పడుతుంది. మీ చేతికి వచ్చింది సున్నా.

అది నయం. ఇంకో రకం ప్రశ్న చూడండి. ‘నేను ఒక్కసారి తోశాను, అంతే కదా! కర్రతో కొట్టానని ఎందుకు చెప్తున్నావు?’ నిజాయితీగానే అడిగారు. కానీ ఆ ప్రశ్నతో మీరు అక్కడ ఉన్నారని, ఆయన మీద చెయ్యి వేశారని మీ నోటితోనే కోర్టుకు చెప్పేశారు. డిఫెన్స్ వైపు నుంచి సాక్షికి వేసిన సూచనల్ని, వాటిలో ఒప్పుకున్న విషయాల్ని ముద్దాయికి వ్యతిరేకంగా లెక్కలోకి తీసుకోవచ్చని 2023లో సుప్రీంకోర్టు ఒక హత్య కేసులో చెప్పింది. లాయర్ వేసిన సూచనకే ఆ గతి పడితే, ముద్దాయే స్వయంగా అన్న మాట సంగతి వేరే చెప్పాలా? తెలిసిన లాయర్ అయితే మీ డిఫెన్స్ ఏదో ముందు తేల్చుకుంటాడు. గొడవే జరగలేదా, జరిగినా మీరు కొట్టలేదా, ఆయన మీద పడితే ఆపుకోవడానికి తోశారా? మూడింటిలో ఒకటే ఉండాలి. ప్రతి ప్రశ్నా దానికి లోబడే ఉండాలి.

సాక్షి మాట మార్చాడనుకోండి. పోలీసులకు ‘చేత్తో కొట్టాడు’ అని చెప్పినవాడు కోర్టులో ‘కర్రతో కొట్టాడు’ అంటున్నాడు. మీకు సంతోషం, ఆర్గ్యుమెంట్స్‌లో చెప్తాను లెమ్మనుకుంటారు. అప్పుడు చెప్తే పనికిరాదు. సాక్షి బోనులో ఉండగానే పోలీసు స్టేట్‌మెంట్‌లోని ఆ వాక్యం చదివి వినిపించి, ఇలా చెప్పారా లేదా అని అడగాలి. ‘చెప్పలేదు’ అంటే ఆ ముక్కని డి-1 (డిఫెన్స్ వైపు మొదటి కాగితం) అని మార్క్ చేయించాలి. తర్వాత దర్యాప్తు చేసిన ఎస్ఐ సాక్ష్యానికి వచ్చినప్పుడు, సాక్షి మీ ముందు అలాగే చెప్పాడా అని అడిగి రుజువు చేయించాలి. మధ్యలో ఏ మెట్టు తప్పినా ఆ తేడా రికార్డులో లేనట్టే. మీ కేసులో ఊండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి డాక్టర్ ఇచ్చే కాగితం) ఉంటే డాక్టర్‌ని అడగాల్సింది ఒకటే ప్రశ్న ఉండొచ్చు, గట్టి నేల మీద పడినా ఇలాంటి గాయం అవుతుందా అని. అవుతుందంటే అక్కడితో కూర్చోవాలి. రెండో ప్రశ్న అడిగితే వచ్చినదాన్ని పాడుచేసుకుంటారు. ఎక్కడ ఆపాలో తెలియడం చాలా కష్టమైన విద్య, జూనియర్లకే ఏళ్లు పడుతుంది.

‘ముందు నేనే చేస్తాను, కుదరకపోతే అప్పుడు లాయర్ని పెట్టుకుంటాను’ అంటారేమో. పెట్టుకోవచ్చు, ఏ దశలోనైనా వకాలత్ వేయొచ్చు. కానీ అయిపోయిన సాక్షుల్ని మళ్లీ పిలిపించడం మీ చేతిలో ఉండదు. రీకాల్ పిటిషన్ బీఎన్ఎస్ఎస్ 348 కింద వేయాలి, ఇచ్చేదీ లేనిదీ కోర్టు ఇష్టం. కొత్త లాయర్ వచ్చాడు, పాత క్రాస్ సరిగా లేదు అన్నంత మాత్రాన సాక్షుల్ని రీకాల్ చేయరని 2015లో శివ్ కుమార్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాబట్టి పెట్టుకునేదేదో పీడబ్ల్యూ-1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి) బోనెక్కక ముందే పెట్టుకోండి.

ఇప్పుడు మీ స్నేహితుడి సలహా. మీది సమన్స్ కేసు, ఎందుకంటే ఏ సెక్షన్‌లోనూ శిక్ష రెండేళ్లు దాటదు. 351(2)కి రెండేళ్ల దాకా జైలు గానీ ఫైన్ గానీ రెండూ గానీ, 115(2)కి ఏడాది దాకా జైలు లేదా 10,000 రూపాయల దాకా ఫైన్ లేదా రెండూ, 126(2)కి నెల రోజుల దాకా సాధారణ జైలు లేదా 5,000 దాకా ఫైన్ లేదా రెండూ. ఇలాంటి కేసులో మొదట ఆరోపణ సారాంశం మీకు చదివి వినిపించి ‘నేరం ఒప్పుకుంటారా?’ అని అడుగుతారు. ఒప్పుకుంటే మీరన్న మాటల్లోనే వీలైనంతవరకు రాసుకుని, అక్కడికక్కడే శిక్ష వేసే అధికారం బీఎన్ఎస్ఎస్ 275 కింద మేజిస్ట్రేట్‌కు ఉంది. ఫైన్ మాత్రమే పడుతుందని ముందుగా ఎవరూ హామీ ఇవ్వలేరు. కోర్టు లేచేదాకా కూర్చోమని, ఫైన్ కట్టమని వేయడం మామూలే. సాయంత్రం ఇంటికి వచ్చేస్తారు కాబట్టి అది శిక్షే కాదనుకుంటారు. కానీ లెక్క ప్రకారం అదీ జైలు శిక్షే, రికార్డులో కన్విక్షన్ (దోషిగా తేలారు) అనే ఉంటుంది. ఉద్యోగం మారినప్పుడు వెరిఫికేషన్ ఫారంలో, వీసా అప్లికేషన్లో ఆ గడి ఎదురైనప్పుడు ఆ సాయంత్రం గుర్తొస్తుంది. దాచిపెడితే అదింకో తలనొప్పి.

ఒప్పుకున్నాక వెనక్కి రావడానికి దారి కూడా మూసుకుంటుంది. మేజిస్ట్రేట్ ముందు నేరం ఒప్పుకుని శిక్ష పడినవాడికి, శిక్ష ఎక్కువైందనో చట్టప్రకారం చెల్లదనో తప్ప అప్పీలు లేదని బీఎన్ఎస్ఎస్ 416 చెప్తుంది. ‘నేను నిజానికి కొట్టలేదండీ, తొందరగా వదిలిపోతుందని ఒప్పుకున్నాను’ అంటే సెషన్స్ కోర్టులో వినే వీల్లేదు. ఒకవేళ అన్నీ ఆలోచించి ఒప్పుకోవడమే మేలని తేలినా, లాయర్ పక్కనుంటే ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం 1958 కింద మందలించి గానీ బాండు మీద గానీ వదలమని అడుగుతాడు. ఆ చట్టం 12వ సెక్షన్ వల్ల కన్విక్షన్‌తో వచ్చే అనర్హతలు అంటవు, కన్విక్షన్ మాత్రం చెరిగిపోదు. అడగకుండా కోర్టు తనంతట తాను ఇస్తుందని కూర్చోలేం.

మీ స్నేహితుడు చెప్పనిది, మీ కేసుకి అన్నిటికంటే నప్పేది ఒకటుంది. మూడు సెక్షన్లూ బీఎన్ఎస్ఎస్ 359 కింద రాజీ పడదగినవే, అందుకు కోర్టు అనుమతి కూడా అక్కర్లేదు. దెబ్బ తగిలిన మనిషి, బెదిరింపుకు గురైన మనిషి ఒప్పుకుంటే చాలు. రాజీ అయితే దాని ఫలితం నిర్దోషిగా విడుదల, శిక్ష మచ్చ ఉండదు. పక్కింటివాళ్లతో రేపూ ఎల్లుండీ ముఖాలు చూసుకోవాల్సినవాళ్లు మీరు. లోక్ అదాలత్ పెట్టినప్పుడు ఇలాంటి గోడ తగాదాలు చాలా తేలిపోతాయి. ఫైన్ కట్టి కన్విక్షన్ తెచ్చుకోవడం కంటే ఇది ఎంత మేలో మీరే చూడండి. కానీ రాజీ మాటలకు మీరు ఒంటరిగా పక్కింటాయన గుమ్మం తొక్కొద్దు. మీ మీద ఉన్నదే బెదిరింపు కేసు. ‘కేసు వెనక్కి తీసుకోమని ఇంటికొచ్చి బెదిరించాడు’ అని ఇంకో కాగితం పడితే బెయిలుకే ఎసరు. లాయర్ల ద్వారానో, ఇద్దరికీ కావలసిన పెద్దమనిషి ద్వారానో, న్యాయసేవాధికార సంస్థ ద్వారానో మాట్లాడించండి.

డబ్బే అసలు కారణమైతే ఇంత దూరం ఆలోచించక్కర్లేదు. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోకి 39ఏ వచ్చింది, దాన్ని అమలు చేయడానికి 1987లో లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం వచ్చింది. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా లాయర్ని ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. దరఖాస్తు మండల లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఇవ్వొచ్చు, 15100కి ఫోన్ చేయొచ్చు, లేదా వాయిదా రోజున జడ్జి గారినే అడగొచ్చు. పాత సీఆర్‌పీసీలో ప్రభుత్వ ఖర్చుతో లాయర్ని ఇవ్వాలన్న మాట సెషన్స్ విచారణకే ఉండేది. ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 341లో ఏ కోర్టు విచారణ అయినా, అప్పీలు అయినా అని మార్చారు. మీ మేజిస్ట్రేట్ కోర్టుకూ అది వర్తిస్తుంది.

ఉచిత లాయర్ సరిగా చూడడన్న భయం మీకే కాదు, అందరికీ ఉంది. కొన్నిచోట్ల అది నిజమే, నేను కాదనను. కానీ ఇప్పుడు చాలా జిల్లాల్లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అని ముద్దాయిల కేసుల కోసమే ఫుల్‌టైమ్ లాయర్లను పెట్టారు, వాళ్లలో క్రాస్ బాగా చేసేవాళ్లను నేను ఎదురుగా చూశాను. లీగల్ ఎయిడ్ లాయర్ మీ దగ్గర డబ్బు అడిగితే ఇవ్వకండి, జిల్లా సంస్థ సెక్రటరీ గారికి రాసివ్వండి. ఆయన కూడా జ్యుడీషియల్ ఆఫీసరే.

పోలీస్ స్టేషన్‌లో ‘లాయర్ వద్దు’ అన్న కాగితం మీద సంతకం పెట్టించారని కొందరు అడుగుతుంటారు. పోలీసులు ప్రశ్నించేటప్పుడు లాయర్ని కలిసే హక్కు బీఎన్ఎస్ఎస్ 38లో ఉంది, ప్రశ్నించినంతసేపూ పక్కన కూర్చోబెట్టుకునే హక్కు మాత్రం కాదు. పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం మీ మీద సాక్ష్యంగా చెల్లదు. కాకపోతే మీరు చెప్పడం వల్ల ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకు మాట పనికొస్తుంది. మీ కేసు ఆ దశ దాటిపోయింది కాబట్టి దీన్ని ఇంకా పొడిగించను.

నేను కూడా లాయర్ అవసరం లేదనే కేసులు ఉన్నాయి. ఫైన్ తప్ప వేరే శిక్ష లేని చిన్నాచితకా కేసుకి వేలు పోసి లాయర్ని పెట్టుకోమని ఎవరికీ చెప్పను. జైలు శిక్ష రాసి ఉన్న ఏ సెక్షన్‌కైనా నా సలహా మారదు. ఇక ఏడేళ్లు, పదేళ్లు, యావజ్జీవం ఉన్న కేసుల్లో మీరు వద్దన్నా చాలా కోర్టులు అమికస్‌ని (కోర్టుకు సాయంగా నియమించే లాయర్ని) పెట్టి నడుపుతాయి. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసులో అయితే పిల్లల్ని ముద్దాయి గానీ అతని లాయర్ గానీ నేరుగా ప్రశ్నించలేరు, ప్రశ్నలు జడ్జి గారికిస్తే ఆయనే అడుగుతారు.

ఇవన్నీ విన్నాక కూడా మీరే చేసుకుంటానంటే, మధ్యేమార్గం ఒకటుంది. వాయిదాలకు మీరే వెళ్లండి, సాక్షుల రోజులకు మాత్రం లాయర్ని మాట్లాడుకోండి. అలా ఒప్పుకునేవాళ్లు ఉంటారు. లా చదివిన బంధువును గానీ, బాగా మాట్లాడే స్నేహితుణ్ణి గానీ తీసుకెళ్లి వాదించమంటే కుదరదు. ఎన్‌రోల్ కానివాళ్లు వాదించాలంటే అడ్వకేట్స్ చట్టం 32 కింద కోర్టు ప్రత్యేకంగా అనుమతించాలి. మొదటి వాయిదాలో ఛార్జిషీటు, సాక్షుల స్టేట్‌మెంట్లు, ఊండ్ సర్టిఫికెట్ కాపీలు అడిగి తీసుకోండి, అవి ఉచితంగానే ఇవ్వాలి. ఒప్పుకుంటారా అని అడిగితే ‘ఒప్పుకోను, విచారణ కావాలి’ అనండి. అక్కడ కథ చెప్పడం మొదలుపెట్టొద్దు. ఆరోపణలో పస లేదని కాగితాల్లోనే కనిపిస్తుంటే ఆ దశలోనే విడుదల చేసే వీలు బీఎన్ఎస్ఎస్ 274లో కొత్తగా వచ్చింది, ఆ పాయింటు రాతపూర్వకంగా ఇవ్వండి. సాక్షులు అయిపోయాక కోర్టు మిమ్మల్ని బీఎన్ఎస్ఎస్ 351 కింద ప్రశ్నిస్తుంది. అన్నిటికీ ‘అబద్ధం’ అని వచ్చేయకుండా మీ తరఫు సంగతి రాసి ఇవ్వొచ్చు. ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పాలా వద్దా అన్నది మాత్రం లాయర్ని అడక్కుండా తేల్చుకోవద్దు, బోనెక్కితే ఏపీపీ మిమ్మల్ని క్రాస్ చేస్తాడు.

ఒక విషయం మీరు రాయలేదు. ఆ రోజు మీకూ దెబ్బలు తగిలాయా? తగిలితే ఆస్పత్రిలో చూపించుకున్న చీటీ ఉందా, మీరు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారా? అది ఉంటే ఇది కేసు, కౌంటర్ కేసు అవుతుంది, రెండూ ఒకే జడ్జి గారి ముందు నడవాలి, రాజీకి పక్కింటాయనా దిగొస్తాడు. కాపీలు చేతికొచ్చాక ఎల్‌డబ్ల్యూ జాబితాలో (ఛార్జిషీటులోని సాక్షుల జాబితా) ఇంటివాళ్లు కాకుండా బయటి సాక్షులు ఎంతమంది ఉన్నారో, ఊండ్ సర్టిఫికెట్లో గాయం గురించి ఏం రాశారో చెప్పండి.